90వ రోజు లెక్క: ఐసీయూ పరిశోధన ఎలా నడుస్తుంది, ఎందుకు మాట మారుస్తుంది

చిత్తూరు నుంచి పెద్ద జబ్బు మనిషిని ఎక్కించుకుని బయలుదేరిన అంబులెన్సు చాలావరకు రెండు దారుల్లో ఏదో ఒకటి పడుతుంది: తిరుపతికి, లేదంటే వేలూరుకు. ఆ తరువాత ఇంటివాళ్ల బతుకంతా ఐసీయూ తలుపు బయట బెంచీల మీదే గడుస్తుంది. లోపలికి రోజుకు ఒకటి రెండు సార్లు, అదీ ఒక్కొక్కరినే పంపిస్తారు. చూసి వచ్చినవాళ్లు మిగిలినవాళ్లకు చెప్పేవన్నీ అంకెలే: "ఆక్సిజన్ 96 చూపిస్తా ఉండాది, బీపీ పరవాలేదంట, షుగరే 200 దాటిందంట." ఆ బెంచీల మీద నేనూ కొన్ని రాత్రులు కూర్చున్నాను. మనిషి మాట్లాడలేని చోట ఆ అంకెలే మనిషి గొంతుగా వినిపిస్తాయి.

పెద్దాసుపత్రుల్లో సరిగ్గా అలాంటి వేళలోనే ఒక జూనియర్ డాక్టరు నాలుగైదు పేజీల కాగితం పట్టుకొచ్చి, ఇక్కడ ఒక పరిశోధన జరుగుతోంది, మీ మనిషిని అందులో చేర్చుకోవడానికి మీ సమ్మతి కావాలి అని అడగవచ్చు. "మా నాయన మీద ప్రయోగం చేస్తారా?" అన్నది వెంటనే వచ్చే ప్రశ్న. ఫోను తెరిచి చదివితే అనుమానం ఇంకా పెరుగుతుంది, ఎందుకంటే ఒకప్పుడు ప్రాణం నిలుపుతుందన్న చికిత్సే తరువాత హాని చేస్తుందని తేలిన వార్తలు ఈ రంగంలో తరచుగా కనిపిస్తాయి. ఐసీయూలో పరిశోధన అంటే ఏమిటి, అది ఎందుకు మాట మారుస్తుంది, ఆ కాగితంలో అసలు ఏముంటుంది అన్న మూడు విషయాలూ ఒకదానితో ఒకటి పెనవేసుకుని ఉన్నాయి కాబట్టి వాటిని కలిపే విడదీయాలి.

మత్తు డాక్టరు ఐసీయూకు ఎలా వచ్చారు

మత్తు డాక్టరంటే ఆపరేషనుకు ముందు సూది వేసి నిద్రపుచ్చే మనిషని మనలో చాలామంది అనుకుంటాం. నిద్రపుచ్చడం అందులో చిన్న భాగమే. మత్తులో ఉన్న మనిషికి ఊపిరి, రక్తపోటు, గుండె లయ తప్పకుండా నిమిషనిమిషం కాపాడటమే అసలు పని. 1952లో డెన్మార్క్ రాజధాని కోపెన్‌హాగన్‌లో పోలియో విరుచుకుపడి, ఊపిరి కండరాలు చచ్చుబడినవారిలో అత్యధికులు చనిపోతున్నప్పుడు, బియోర్న్ ఇబ్సెన్ అనే మత్తు వైద్యుడు ఆపరేషన్ థియేటర్ పద్ధతినే వార్డులోకి తెచ్చారు. గొంతులో గొట్టం అమర్చి, సంచిని చేత్తో నొక్కుతూ ఊపిరి అందించే ఆ పనికి వైద్య విద్యార్థులు వందల సంఖ్యలో వంతులవారీగా, రాత్రింబవళ్లు కూర్చున్నారు. మరణాలు సగానికి పైగా తగ్గాయి. నేటి ఐసీయూకు మూలం అదేనని చెబుతారు. మన ఊళ్లలోనూ మత్తు వైద్య విభాగానికీ ఐసీయూకూ విడదీయరాని సంబంధం ఉండటానికి కారణం అదే.

అంత పెద్ద తేడా వచ్చినప్పుడు పరిశోధన పెట్టి రుజువు చేయనక్కర లేదు, కంటికే కనిపిస్తుంది. తేడా 100 మందిలో నలుగురికో ఎనిమిది మందికో పరిమితమైనప్పుడే చిక్కు మొదలవుతుంది. ఒక డాక్టరు జీవితకాలం వైద్యం చేసినా అంత తేడా కంటికి ఆనదు.

అంకె మెరుగై, మనిషి దక్కకపోవడం

న్యుమోనియా వల్లనో, ఒళ్లంతా పాకిన ఇన్ఫెక్షన్ వల్లనో రెండు ఊపిరితిత్తులూ నీరు పట్టి బిగుసుకుపోయే స్థితిని ఏఆర్‌డీఎస్ అంటారు. అలాంటివారికి వెంటిలేటర్ ఒక్కో ఊపిరికి ఎంత గాలి పంపాలి? వెనుకటి వాడుక ప్రకారం ఎక్కువ గాలి పంపితే రక్తంలో ఆక్సిజన్ పెరిగేది, డాక్టరుకూ ఇంటివాళ్లకూ ధైర్యంగా ఉండేది. 2000 సంవత్సరంలో అమెరికాలో వెలువడిన ఒక ట్రయల్ ఈ ధైర్యాన్నే పరీక్షకు పెట్టింది. 861 మంది రోగులను రెండు గుంపులు చేసి, ఒక గుంపుకు కిలోకు 12 మిల్లీలీటర్ల చొప్పున, రెండో గుంపుకు 6 చొప్పున గాలి ఇచ్చారు. మొదటి రోజుల్లో ఆక్సిజన్ అంకె ఎక్కువ గాలి పొందినవారిలోనే బాగుంది. అయినా మరణాలు చూస్తే 12 గుంపులో 39.8 శాతం, 6 గుంపులో 31 శాతం.

ఎందుకిలా? జబ్బుపడిన ఊపిరితిత్తిలో కొన్ని గాలి గదులు మూసుకుపోయి, కొన్ని మాత్రమే తెరుచుకుని ఉంటాయి. పంపిన గాలంతా తెరుచుకున్న ఆ కొద్ది గదుల్లోకే దూరి వాటిని సాగదీసి చింపుతుంది, ఆ గాయం వల్ల వచ్చే వాపులో పుట్టిన రసాయనాలు రక్తంలో కలిసి మిగిలిన అవయవాలనూ దెబ్బతీస్తాయి. మానిటర్‌కు ఈ చినుగు కనిపించదు.

ఇందులో కిలో అంటే తూకం మీద వచ్చే కిలో కాదు. ఊపిరితిత్తుల పరిమాణం ఎత్తును బట్టి ఉంటుంది గాని లావును బట్టి కాదు కాబట్టి, ఎత్తు నుంచి లెక్కగట్టిన బరువును వాడతారు. 160 సెంటీమీటర్ల ఎత్తు, 80 కిలోల తూకం ఉన్న ఒక స్త్రీని తీసుకుందాం. స్త్రీలకు సూత్రం: 45.5కు, ఎత్తులో 152.4 తీసివేసి 0.91తో గుణించగా వచ్చినది కలపాలి. అంటే 45.5 ప్లస్ 6.9, మొత్తం 52.4 కిలోలు. కిలోకు 6 చొప్పున ఆమెకు ఊపిరికి సుమారు 315 మిల్లీలీటర్లు చాలు. ఎవరైనా పొరపాటున తూకం బరువునే పట్టుకుని పాత పద్ధతిలో 12 చొప్పున లెక్క వేస్తే అది 960 అవుతుంది, అంటే మూడింతలు. అందుకే ఐసీయూలో చేరిన మనిషిని పడుకోబెట్టి టేపుతో పొడవు కొలుస్తారు. ఆ టేపు ఎందుకో బయట కూర్చున్నవారికి ఎవరూ చెప్పకపోవడం నాకు లోటుగానే అనిపిస్తుంది.

మరణాల తేడా 8.8 శాతం, అంటే సుమారు 11 మందికి గాలి తగ్గించి ఇస్తే ఒక ప్రాణం అదనంగా నిలిచినట్టు లెక్క. ఈ రంగంలో ఇంత పెద్ద మేలు చూపిన ట్రయల్స్ చాలా తక్కువ.

ఎక్కించుకున్నవారు బతికారన్న లెక్కలో లోపం

కోవిడ్ రోజుల్లో తిరుపతిలోనూ చిత్తూరులోనూ వాట్సాప్ గ్రూపులన్నీ కోవిడ్ నుంచి కోలుకున్న ప్లాస్మా దాతల కోసం వెతుకులాటతో నిండిపోయాయి. "ప్లాస్మా ఎక్కించినాకే మా అన్న లేచినాడు" అన్న మాట అబద్ధం కాదు. అన్న లేచిన మాట నిజం, ప్లాస్మా ఎక్కించిన మాటా నిజం. ఒకదాని వల్లే ఇంకొకటి జరిగిందా అన్నదే తేలాల్సిన సంగతి.

ఊహకు ఒక లెక్క వేద్దాం. ఐసీయూలో 100 మంది ఉన్నారు. ప్లాస్మా వల్ల మేలూ లేదు, కీడూ లేదు అనుకుందాం. దాత దొరకడానికి కనీసం రెండు రోజులు పడుతుంది, ఈలోగా 20 మంది చనిపోయారు. మిగిలిన 80 మందిలో 40 మందికి దాత దొరికాడు, 40 మందికి దొరకలేదు. ఈ రెండు నలభైలలోనూ తరువాత పదేసి మంది పోయారు. ఇప్పుడు ఆసుపత్రి రికార్డు తీస్తే ప్లాస్మా ఎక్కించుకున్న 40 మందిలో మృతులు 10, అంటే 25 శాతం. ఎక్కించుకోని 60 మందిలో మృతులు 30, అంటే 50 శాతం. ఏ గుణమూ లేని చికిత్స మరణాలను సగానికి తగ్గించినట్టు కనిపిస్తుంది. ఎవరూ మోసం చేయలేదు. ప్లాస్మా దాకా బతికి ఉండగలిగినవారే ప్లాస్మా గుంపులో చేరారు, అంతే.

ఈ లోపానికి తావు లేకుండా భారత వైద్య పరిశోధన మండలి 2020లో దేశంలోని 39 ఆసుపత్రుల్లో 464 మంది రోగులతో ట్రయల్ నడిపింది. జబ్బు ముదరడం గానీ చనిపోవడం గానీ ప్లాస్మా ఇచ్చినవారిలో 19 శాతం, ఇవ్వనివారిలో 18 శాతం. బ్రిటన్‌లో 11,000 మందికి పైగా పాల్గొన్న ట్రయల్‌లో రెండు వైపులా మరణాలు 24 శాతమే. 2021 మే నెలలో మన దేశపు కోవిడ్ చికిత్సా సూచనల నుంచి ప్లాస్మాను తొలగించారు. దాతల కోసం ఊరూరూ తిరిగినవాళ్ల ప్రేమను ఈ అంకెలు తక్కువ చేయవు. వాళ్లకు ఆ తిరుగుడు తప్పించి ఉండాల్సింది.

డిప్‌లో పేరు వచ్చినట్టు

మరి ట్రయల్ ఆ లోపాన్ని ఎలా తప్పిస్తుంది? తిరుపతివాళ్లకు దీన్ని చెప్పడం తేలిక. శ్రీవారి ఆర్జిత సేవా టికెట్లలో కొన్నింటిని ఎలక్ట్రానిక్ డిప్ ద్వారా ఇస్తారు. పేరు నమోదు చేసుకున్నాక ఎవరికి వచ్చిందో కంప్యూటర్ చెబుతుంది. అక్కడ సిఫార్సు లేఖ పనిచేయదు, ముందు వరుసలో నిలబడినా లాభం ఉండదు. ట్రయల్‌లో ఎవరికి ఏ చికిత్స అన్నది తేల్చే పద్ధతీ ఇదే. దీన్ని యాదృచ్ఛిక కేటాయింపు అంటారు. డాక్టరుకు నచ్చినవారికి కొత్త మందు, బాగా సీరియస్‌గా ఉన్నవారికి పాత మందు అన్న ఎంపికకు వీలుండదు. వయసు, షుగరు, కిడ్నీ జబ్బు, ఇంటి స్తోమత, మనం కొలవలేని ఇంకా వందల సంగతులు రెండు గుంపుల్లోనూ దాదాపు సమంగా సర్దుకుంటాయి.

దాదాపు అన్న మాట ఇక్కడ ముఖ్యం. గుంపుకు 20 మంది చొప్పున చిన్న ట్రయల్ చేస్తే, ఒకవైపు 8 మంది, మరోవైపు 5 మంది పోయారనుకోండి. 40 శాతం, 25 శాతం అని పత్రికలో చూస్తే పెద్ద తేడాగానే అనిపిస్తుంది. ఒక్కో గుంపులో ఇద్దరి తలరాత అటూ ఇటూ మారితే అదే లెక్క 6, 7 అయి ఫలితం తిరగబడుతుంది. చిన్న ట్రయల్ తెచ్చిన శుభవార్త పెద్ద ట్రయల్‌లో ఆవిరైపోవడానికి తరచుగా కారణం ఇదే.

షుగరు కథ: ఇద్దరూ నిజమే చెప్పారా?

ఈ రంగంలో మాట మారడం ఎలా ఉంటుందో చూడాలంటే షుగరు కథను మించినది లేదు. తీవ్రమైన జబ్బులో, అంతకుముందు మధుమేహం లేనివారికి కూడా రక్తంలో చక్కెర పెరుగుతుంది. 2001లో బెల్జియంలోని లూవెన్ నగరంలో ఒకే సర్జికల్ ఐసీయూలో 1,548 మందితో ట్రయల్ జరిగింది. ఇన్సులిన్‌తో చక్కెరను 80 నుంచి 110 మధ్య గట్టిగా పట్టి ఉంచినవారిలో ఐసీయూ మరణాలు 4.6 శాతం, అంత గట్టిగా పట్టనివారిలో 8 శాతం. ప్రపంచమంతటా ఐసీయూలు ఈ పద్ధతిని అందుకున్నాయి. ఇన్సులిన్ చవక, కొత్త యంత్రమేదీ అక్కర లేదు, ఎవరైనా చేయగలరు అనిపించింది. అదే బృందం జనరల్ మెడికల్ ఐసీయూలో 1,200 మందితో చేసి 2006లో ప్రచురించిన రెండో ట్రయల్‌లో మాత్రం మొత్తం మీద మరణాలు చెప్పుకోదగ్గంత తగ్గలేదు.

2009లో నైస్-షుగర్ అనే ట్రయల్ ఫలితాలు వచ్చాయి. 42 ఆసుపత్రులు, 6,104 మంది రోగులు. ఈసారి ఎవరు బతికి ఉన్నారన్న లెక్క 90వ రోజున కట్టారు. చక్కెరను గట్టిగా పట్టిన గుంపులో మరణాలు 27.5 శాతం, 180 దాటకుండా మాత్రం చూసిన గుంపులో 24.9 శాతం. అంటే సుమారు 38 మందికి గట్టి పద్ధతి పాటిస్తే ఒకరు అదనంగా చనిపోయినట్టు. చక్కెర 40 లేదా అంతకన్నా కిందికి పడిపోయిన ప్రమాదం గట్టి పద్ధతిలో 6.8 శాతం మందికి ఎదురైతే, రెండో గుంపులో 0.5 శాతం మందికే ఎదురైంది. మత్తులో, వెంటిలేటర్ మీద ఉన్న మనిషికి చక్కెర పడిపోతే చెమట పట్టిందనీ కళ్లు తిరుగుతున్నాయనీ చెప్పుకునే వీలుండదు.

లూవెన్ వాళ్లు తప్పు చెప్పారనుకోవడం తొందరపాటు. వాళ్ల రోగుల్లో ఎక్కువమంది గుండె ఆపరేషను అయినవారు, పైగా వాళ్లకు మొదటి రోజు నుంచే నరం ద్వారా గ్లూకోజు బాగా ఎక్కించేవారు. అలా లోపలికి పోసే చక్కెరను అదుపు చేయడం వల్ల మేలు కలిగి ఉండవచ్చునని ఒక వాదం. చక్కెరను తరచుగా, కచ్చితంగా కొలవగల ఏర్పాటు అక్కడ ఉండటమే కారణమని మరో వాదం. ఒకే ఆసుపత్రిలో, పద్ధతిని పుట్టించినవారి చేతుల్లోనే నడిచిన ట్రయల్‌కు ఆ చేతుల నేర్పు కూడా కలిసి వస్తుందని ఇంకొందరంటారు. 2023లో లూవెన్ బృందమే 9,230 మందితో మళ్లీ పరీక్షించింది. ఈసారి నరం ద్వారా తొలిరోజుల పోషణ ఇవ్వలేదు, ఇన్సులిన్ మోతాదు చెప్పడానికి కంప్యూటర్ సాయం ఉంది. గట్టిగా పట్టడం వల్ల మేలూ కనిపించలేదు, మరణాలూ పెరగలేదు. 2001, 2009, 2023 ట్రయల్స్ మూడు రకాలుగా చెప్పినట్టు కనిపిస్తుంది గాని, మూడూ అడిగిన ప్రశ్న ఒకటి కాదు. ఈ సంగతి వార్తా శీర్షికలో పట్టదు.

సెప్సిస్, అంటే ఒళ్లంతా పాకి అవయవాలను దెబ్బతీసే ఇన్ఫెక్షన్, మీద అంతర్జాతీయ సూచనలు చక్కెర 180 చేరినప్పుడు ఇన్సులిన్ మొదలుపెట్టి 144 నుంచి 180 మధ్య ఉంచమని చెబుతున్నాయి. బెంచీ మీద ఇంటివాళ్లు "170 ఉండాదంట, వీళ్లు పట్టించుకోవడం లేదు" అని కుమిలిపోతున్నప్పుడు, లోపలివాళ్లు ఆ 170ని కావాలనే అలా ఉంచుతుండవచ్చు.

ఒకే మందు, వేర్వేరు రోగులు

డెక్సామెథసోన్ పాత మందు, చాలా చవక. 2020లో బ్రిటన్‌లోని రికవరీ ట్రయల్ దాన్ని కోవిడ్ రోగులకు రోజుకు 6 మిల్లీగ్రాముల చొప్పున ఇచ్చి చూసింది. వెంటిలేటర్ మీద ఉన్నవారిలో 28 రోజుల మరణాలు 41.4 నుంచి 29.3 శాతానికి తగ్గాయి. ఆక్సిజన్ మాత్రమే అవసరమైనవారిలో 26.2 నుంచి 23.3కు తగ్గాయి. ఆక్సిజన్ అక్కర లేనివారిలో మేలేమీ కనబడలేదు, మరణాలు మందు ఇవ్వనివారిలో 14 శాతం, ఇచ్చినవారిలో 17.8 శాతం. మంచిదా చెడ్డదా అన్న ప్రశ్నకు ఈ మందు విషయంలో జవాబు లేదు. ఎవరికి, ఎప్పుడు అని అడిగితేనే జవాబు ఉంది.

మరి 6కు బదులు 12 ఇస్తే? భారతదేశం, డెన్మార్క్, స్వీడన్, స్విట్జర్లాండ్ కలిసి దాదాపు 1,000 మందితో దీన్ని పరీక్షించాయి. 28 రోజుల మరణాలు 12 గుంపులో 27.1 శాతం, 6 గుంపులో 32.3 శాతం. తేడా చూడటానికి పెద్దదే అయినా, అది కాకతాళీయంగా వచ్చింది కాదని చెప్పడానికి ముందుగా గీసుకున్న గణాంక గీతను ఆ ఫలితం దాటలేదు. గీత దాటలేదు కాబట్టి రుజువు కాలేదనేది ఒక వర్గం మాట, ముందు గీసుకున్న గీతను ఫలితం చూశాక చెరిపితే ఇక దేనికీ హద్దుండదని వారి భయం. మేలు ఉండే అవకాశం ఎంత అని నేరుగా లెక్కగట్టే మరో గణిత పద్ధతి ఉందనీ, దాని ప్రకారం చూస్తే మేలువైపే మొగ్గు కనిపిస్తోందనీ, 'రుజువు కాలేదు' అన్న మాటను 'పనిచేయదు' అని చదవడం తప్పనీ రెండో వర్గం అంటుంది. నాకు రెండో వర్గం చివరి మాట నిలుస్తుందనిపిస్తుంది, అయితే మొదటి వర్గం భయానికి బలమైన ఆధారాలే ఉన్నాయి.

నియమాలు సడలితే ఏమవుతుందో చూపే ఆ ఆధారాల్లో ఒకటి ఈ రంగంలోనిదే. రక్తపోటు పడిపోయినవారికి ఎక్కించే స్టార్చి ద్రావణాలకు అనుకూలంగా జర్మనీకి చెందిన మత్తు వైద్యుడు యోఆఖిమ్ బోల్ట్ వరుసగా ఎన్నో వ్యాసాలు ప్రచురించారు. పరిశోధన రోగులకు న్యాయంగా ఉందో లేదో ముందే చూసే ఎథిక్స్ కమిటీ అనుమతి ఉన్నట్టు ఆధారం లేనందున 2011లో వాటిలో పదుల కొద్దీ వ్యాసాలను పత్రికలు ఉపసంహరించుకున్నాయి. 2012లో సుమారు 800 మంది సెప్సిస్ రోగులతో ఉత్తర ఐరోపా దేశాల్లో జరిగిన ట్రయల్‌లో, స్టార్చి ఎక్కించినవారిలో 90 రోజుల మరణాలు 51 శాతం, మామూలు సెలైన్ లాంటి ద్రావణం ఎక్కించినవారిలో 43 శాతం.

ఆ కాగితంలో ఏముంటుంది

ఇప్పుడు బెంచీ మీది కాగితానికి వద్దాం. మన దేశంలో 2019 నాటి కొత్త మందులు, క్లినికల్ ట్రయల్స్ నిబంధనల ప్రకారం, రోగి స్వయంగా సమ్మతి ఇవ్వలేని స్థితిలో ఉంటే చట్టం అంగీకరించే ప్రతినిధి ఇవ్వవచ్చు. ఆ ప్రతినిధికి చదువు రాకపోతే, పరిశోధనతో సంబంధం లేని సాక్షి దగ్గర ఉండాలి. సమాచార పత్రం వారికి అర్థమయ్యే భాషలో ఉండాలి. చేరకపోయినా, మధ్యలో వద్దన్నా మామూలు వైద్యం తగ్గకూడదు. ట్రయల్‌ను మొదటి రోగి చేరకముందే దేశపు క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీలో నమోదు చేయాలి. 2007లో మొదలైన ఈ రిజిస్ట్రీ అందరికీ తెరిచే ఉంటుంది. ఏ లెక్క ఎన్నో రోజున కడతామో అందులో ముందే రాసిపెడతారు కాబట్టి, ఫలితం వచ్చాక అనుకూలమైన అంకెను ఏరుకోవడం కష్టమవుతుంది.

ట్రయల్ వల్ల హాని జరిగితే ఉచిత వైద్యం, పరిహారం ఇవ్వాలి. ట్రయల్ వల్లనే మరణం సంభవిస్తే పరిహారాన్ని 8 లక్షల రూపాయల మూలధనం నుంచి వయసును, జబ్బు తీవ్రతను బట్టి లెక్కగడతారు. 30 రోజుల్లో చనిపోయే అవకాశం 90 శాతం లేదా అంతకన్నా ఎక్కువ ఉన్న రోగికి అది 2 లక్షలుగా స్థిరపడి ఉంది. ఐసీయూలో కొందరు సరిగ్గా ఈ వర్గంలోకే వస్తారు. బతికే ఆశ తక్కువైనవారి విషయంలో ట్రయల్ వల్ల పోయిందెంతో విడదీయడం కష్టమని దీన్ని సమర్థించేవారు ఉన్నారు. ఆశ తక్కువైనంత మాత్రాన ప్రాణం విలువ తగ్గుతుందా అని అడిగేవారూ ఉన్నారు.

అంతకన్నా లోతైన వివాదం సమ్మతి గురించే. రెండు రాత్రులు నిద్ర లేని మనిషి, లోపల తండ్రి మృత్యువుతో పోరాడుతుంటే, నాలుగు పేజీలు చదివి ఆలోచించి సంతకం పెట్టాడనడం నిజమేనా? అందుకే కొన్ని దేశాల్లో, రెండు చికిత్సలూ ఇప్పటికే వాడుకలో ఉండి ఏది మేలో తెలియనప్పుడు, ముందు చేర్చుకుని తరువాత సమ్మతి అడిగే పద్ధతిని ఎథిక్స్ కమిటీల అనుమతితో పాటిస్తున్నారు. ఆ పద్ధతిలో నిజాయితీ ఎక్కువని కొందరి అభిప్రాయం. పెద్ద డాక్టరు మాటకు ఎదురు చెప్పలేని మన సమాజంలో ముందు అడగడమనే ఒక్క రక్షణనూ తీసేస్తే పేదవాడికి ఏమీ మిగలదని మరికొందరి ఆందోళన. నేను ఈ రెండో మాట వైపే ఉన్నాను, ఎందుకంటే డాక్టరు బెంచీ మీద పక్కన కూర్చుని పది నిమిషాలు మన మాటల్లో చెప్పడం నేను చూశాను, నిలబడి "ఇక్కడ సంతకం పెట్టండి" అనడమూ చూశాను. ఫారం రెండు చోట్లా ఒకటే.

సంతకం పెట్టిన తరువాత మూడు నెలలకు, ఇంటివాళ్లు ఆ కాగితం సంగతి మరిచిపోయిన వేళ, ఆసుపత్రి నుంచి ఒక ఫోను వస్తుంది. 90వ రోజు లెక్క అంటే ఇంతే: ఎవరో ఒక పరిశోధక సహాయకురాలు రిజిస్టరు ముందు పెట్టుకుని ఒక్కో నంబరుకు ఫోన్ చేయడం. "మీ నాయన ఎట్లుండాడు?" "ఉండాడు మేడమ్, పొద్దున్నే లేచి పాలు పోసేదానికి డైరీకి పోయినాడు." ఆమె ఒక గడిలో గుర్తు పెట్టి తరువాతి నంబరు నొక్కుతుంది. కొన్ని ఫోన్లలో అవతల కాసేపు మాట వినిపించదు. ఆమె ఆగి, "సరేనమ్మా" అని, ఆ పక్క గడిలో గుర్తు పెడుతుంది.